సముద్రం దాటని పారలు

"కన్నీళ్ళకు పాస్‌పోర్టు అక్కర్లేదు!" అని నరహరిగారు తార్నాకలో ప్రకటించారు.

ప్రకటన ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పక్క హాల్లో ఎవరిదో నిశ్చితార్థం జరుగుతుండటంతో ఆ మాటకు బ్యాండు మేళం కూడా తోడైంది. విలేకరులు రాసుకున్నారు. రాసుకోనివాళ్ళ కోసం ఆయన మరోసారి, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు.

నరహరిగారిని ఎరగనివారు మా యూనివర్సిటీలో లేరు. ఆయన విద్యార్థి నాయకుడు. ఆయనతో కలిసి చదివినవాళ్ళు ఇప్పుడు ప్రొఫెసర్లయ్యారు, వాళ్ళ పిల్లలు పీజీలో చేరారు. ఆయన మాత్రం ఇప్పటికీ విద్యార్థి నాయకుడే. పదవి మనిషిని మార్చేస్తుందంటారు. యువజన సేవా మండలి చైర్మన్ అయ్యాక కూడా ఆయన హాస్టల్లో తన గది ఖాళీ చెయ్యలేదు. అంతటి నిరాడంబరుడు.

నేను అదే యూనివర్సిటీలో భాషాశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. పేరు వీరస్వామి, ఉండేది అడిక్‌మెట్‌లో. నా కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ కావాలి. ఆ ఏడు ఇంకా కాలేదు. కాబట్టి మొదటి వరుసలో కూర్చుని అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను.

విషయం ఏమిటంటే, శ్రీలంకలో తుఫాను వచ్చి ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అక్కడ ఇళ్ళలో, బడుల్లో చేరిన బురద ఎత్తిపోయడానికి నరహరిగారి నాయకత్వంలో ఒక బృందం వెళుతోంది. దాని పేరు 'మిషన్ కరుణ'.

"సార్, శ్రీలంకే ఎందుకు?" అని ఒక విలేకరి అడిగాడు.

"బాధ ఏడుంటే నరహరి ఆడుంటడు."

"ఇక్కడ బాధ లేదా సార్?"

"ఎందుకు లేదు? మస్తున్నది. గానీ ఈడోళ్ళు నన్ను రోజూ చూస్తనే ఉన్నరు గద తమ్మీ."

నిజం చెప్పాలంటే ఆ దేశం నుంచి పిలుపు వచ్చింది నరహరిగారికి కాదు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ పక్కనున్న ఒక చిన్న చర్చికి. తూర్పు తీరాన నావల్‌తోట్టం అనే తమిళుల ఊరుంది. ఆ ఊరి పాస్టరుగారికి ఈ చర్చిలో ఒకావిడ ఎప్పటినుంచో పరిచయం. ఆవిడ పేరు అమృతమ్మ. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. క్వార్టర్స్‌లో అన్ని వైపులా అరవవాళ్ళే కావడంతో తమిళం ధారాళంగా మాట్లాడుతుంది. "మనుషులు కావాలి, బడి నిండా బురద ఉంది" అని పాస్టరుగారు ఫోన్ చేస్తే, ఆవిడ చర్చి ఆడవాళ్ళను కూడగట్టింది. పాస్‌పోర్టులున్నవాళ్ళు ఆరుగురు తేలారు. ఫినాయిలు, చీపుళ్ళు, రబ్బరు బూట్లు, పారలు సమకూర్చుకున్నారు.

ఈ సంగతి పేపర్లో ఒక మూల పడింది. నరహరిగారు చదివి, ఆశీర్వదించడానికి లాలాగూడ వెళ్ళారు.

"సేవ గింత చిన్నగ చెయ్యొద్దమ్మా. పెద్దగ చేద్దాం" అన్నారు.

పెద్దగా చేసేసరికి ఆ ఆరుగురిలో అమృతమ్మ ఒక్కతే మిగిలింది. మిగతా చోట్లలో నరహరిగారు, ఆయన బావమరిది సమ్మయ్య, ఫొటోలూ రీల్సూ చూసుకునే నరేందర్, ఇద్దరు పార్టీ కార్యకర్తలు సర్దుకున్నారు. సమ్మయ్యకు అడిక్‌మెట్‌లో టెంట్‌హౌస్ ఉంది. అందువల్ల ఆయన టెక్నికల్ అడ్వైజర్. అమృతమ్మను కూడా తప్పించేవారే గానీ, పాస్టరుగారి ఫోన్ నంబరు ఆమె దగ్గర మాత్రమే ఉంది.

భాషాశాస్త్రం కోసం తమిళం నేర్చుకున్నాను కాబట్టి దుబాసీగా నన్ను తీసుకున్నారు.

"అమృతమ్మగారికి తమిళం వచ్చు కద సార్?" అన్నాను మొహమాటంగా.

"వస్తది. గానీ డిగ్రీ లేదు" అన్నారు నరహరిగారు. "నీకు డిగ్రీ ఉన్నది, రెన్యువల్ లేదు. నువ్వయితే మంచిగ అనువదిస్తవు."

బృందాన్ని సాగనంపే కార్యక్రమం మొదట మా యూనివర్సిటీ లైబ్రరీ ముందు జరిగింది. వైస్ చాన్సలర్‌గారు జెండా ఊపారు. రెండు జీపులు కదిలి తార్నాక చౌరస్తా దాకా వెళ్ళి, అక్కడ యూ టర్న్ తీసుకుని వెనక్కి వచ్చాయి. ఎందుకంటే అప్పటికి టికెట్లు తీసుకోలేదు. రెండోసారి ఎమ్మెల్యేగారు జెండా ఊపారు. అప్పటికి టికెట్లున్నాయి గానీ, మంత్రిగారు నొచ్చుకున్నారని తెలిసి రద్దు చేశారు. మంత్రిగారికి తీరిక దొరికే దాకా పాత బట్టల మూటలు జీపులెక్కడం, దిగడం చేస్తూనే ఉన్నాయి.

అమృతమ్మ ప్రతిసారీ రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చేది.

"ఏంది కొడుకా, గీ జెండాలు ఊపుడు అయినంక పోతమా, గాడ బురద ఎండినంక పోతమా?" అని ఒకరోజు అడిగేసింది.

"సేవకు టైమింగ్ ఉండాలమ్మా" అన్నారు నరహరిగారు శాంతంగా.

చివరికి మంత్రిగారు ఊపిన జెండాకు మేం నిజంగానే ఎయిర్‌పోర్టు చేరాం. అక్కడ మిషన్‌కు తొలి సవాలు ఎదురైంది. సామాను బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి వదిలేయాలి. పారలా, ఫ్లెక్సీలా? బృందం పక్కకు వెళ్ళి సమావేశమైంది.

"పారలు గాడ గూడ దొరుకుతయి. నా ఫొటో ఉన్న ఫ్లెక్సీ గాడ దొరుకుతదా?" అని నరహరిగారు ఒక్క ప్రశ్నతో సమస్య తేల్చేశారు. నాయకుడంటే అదీ. పారలను సమ్మయ్య టెంట్‌హౌస్ కుర్రాళ్ళు ఆటోలో వెనక్కి తీసుకుపోయారు. ఫ్లెక్సీలు సముద్రం దాటాయి.

కొలంబోలో దిగి, ఒక రోజంతా బస్సులో ప్రయాణించి నావల్‌తోట్టం చేరాం. దారి పొడవునా విరిగిన కొబ్బరిచెట్లు, కొట్టుకుపోయిన కల్వర్టులు, టార్పాలిన్ కింద సంసారాలు. నరహరిగారు నిద్రపోయారు. శక్తిని కాపాడుకోవడం కూడా ప్రణాళికలో భాగమే.

ఊరి మొగలో పాస్టరుగారు, బడి హెడ్మాస్టరమ్మ పుష్పరాణి టీచరు, పాతికమంది ఊరివాళ్ళు నిలబడి ఉన్నారు. పుష్పరాణి టీచరు సన్నగా, ఎండిన పుల్లలా ఉంది. చేతులకు బొబ్బలున్నాయి. మమ్మల్ని చూసి నవ్వి, నేరుగా బడికి తీసుకువెళ్ళింది.

బడి అద్దంలా ఉంది.

గోడలకు ఛాతీ ఎత్తున గోధుమరంగు గీత తప్ప వరద జాడ లేదు. గచ్చు కడిగారు. బెంచీలు కడిగి ఎండబెట్టి వరసగా పేర్చారు. నల్లబల్లకు రంగు వేశారు. బడి పక్కనున్న బావిని తోడి, పూడిక తీసి, బ్లీచింగ్ వేసి, ఆ ముందు రోజే నీళ్ళు తాగడం మొదలుపెట్టారట. ఊరంతటికీ అదే తాగునీటి బావి. వరదకు గట్టు ఒకవైపు కూలింది. అదొక్కటే ఇంకా కట్టాలి.

"మీరు వస్తారని చాలా రోజులు చూశాం. తర్వాత మేమే చేసుకున్నాం. సోమవారం బడి తెరుస్తున్నాం. పిల్లలకు పరీక్షలు దగ్గరికొచ్చాయి" అంది పుష్పరాణి టీచరు.

నరహరిగారు గదిగదికీ తిరిగి చూశారు. ఆయన ముఖం వాడిపోయింది.

"వీరస్వామీ, బురద ఏదయ్యా?"

"తీసేసిన్రట సార్."

"తీసేసిన్రా? ఎవర్నడిగి తీసేసిన్రు?"

ఏమంటున్నారని పుష్పరాణి టీచరు నావైపు చూసింది. "మీ కష్టం చూసి ఆయనకు నోట మాట రావడం లేదట" అని తమిళంలో చెప్పాను. పక్కనున్న అమృతమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

పక్క ఊళ్ళో ఇంకా నడుముల్లోతు బురద ఉందని పాస్టరుగారు చెప్పారు. అయితే వంతెన పడిపోయింది, పొలాల గట్ల మీద నడిచిపోవాలి. అమృతమ్మ వెంటనే చీర కుచ్చిళ్ళు దోపింది.

"నడుద్దాం పాండ్రి" అంది.

"గాడ సిగ్నల్ ఉన్నదా?" అని నరేందర్ అడిగాడు. లేదని తేలింది.

"సిగ్నల్ లేని ఊర్ల సేవ చేస్తే ఎవరికి తెలుస్తది?" అన్నారు నరహరిగారు. ఆ మాటలో ఎంత లోతుందో నాకు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు గానీ అర్థం కాలేదు.

అమృతమ్మ పాస్టరుగారి దగ్గర ఒక పార అడిగి తీసుకుని, ఆయనతోపాటు పక్క ఊరికి వెళ్ళిపోయింది. మిగతా బృందం బడిలో అత్యవసరంగా సమావేశమైంది. అక్కడ సమ్మయ్యలోని టెక్నికల్ అడ్వైజర్ మేల్కొన్నాడు.

"బావా, తీసిన బురద ఏడికీ పోలే. బడి ఎన్కనే కుప్పవోసిన్రు."

నరహరిగారి ముఖంలో వెలుగు వచ్చింది.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను అంతర్జాతీయ సహకారానికి ఉదాహరణగా చెప్పుకుంటాను. పార్టీ కార్యకర్తలిద్దరూ ఊరివాళ్ళ దగ్గర తట్టలు, పారలు అరువు తెచ్చుకుని, బడి వెనకున్న బురదను ఒక తరగతి గదిలోకి మోయడం మొదలుపెట్టారు. గట్టిపడిన చోట నీళ్ళు కలిపారు. బృందం నడుం వంచి పనిచేయడం నేను చూసింది అప్పుడే. అంత చెమట కార్చినవాళ్ళను ఏమీ చెయ్యలేదని ఎవరూ అనకూడదు.

"అన్నా, చీలమండల దాక వస్తే నడువది. మోకాళ్ళ దాక రావాలె. లేకుంటే కింద కామెంట్లల్ల తిడ్తరు" అని నరేందర్ ఫోన్‌లోంచి చూస్తూ కొలత చెబుతున్నాడు.

పుష్పరాణి టీచరు పరుగున వచ్చింది.

"ఏం చేస్తున్నారు వీళ్ళు? ఆ గది మొన్ననే కడిగాం!"

నేను కాస్త ఆలోచించాను. "ఇది మా దేశపు పద్ధతి టీచర్. ముందు బురదను అర్థం చేసుకుని, తర్వాత తీస్తారు."

ఆమె నమ్మలేదు. కానీ అతిథులం, సముద్రం దాటి వచ్చినవాళ్ళం. గుమ్మంలో ఆరబెట్టిన చీపురు తీసుకుని పక్కకు జరిగింది.

గది సిద్ధమయ్యాక నరహరిగారు తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి లోపలికి దిగారు. వెనక గోడకు ఫ్లెక్సీ కట్టారు. నరేందర్ లైవ్ మొదలుపెట్టాడు.

"నా ప్రియమైన తార్నాక ప్రజలారా! నేను ఇప్పుడు లంకల నిలవడ్డ. ఇది బురద గాదు. ఇది మానవత్వానికి పరీక్ష. ఈ పరీక్షల నేను ఒక్క అడుగు గూడ ఎనుకకు..."

ఎనుకకే పడ్డారు. గచ్చు మీద నీళ్ళు కలిపిన బురద కదా, నూనె రాసినట్టు జారింది. పడిన వెంటనే ఆయన అన్న మాటను నేను ఇక్కడ అనువదించను. అది తెలుగే అయినా.

చీలమండ వాచిపోయింది. ఆయనను మోసుకొచ్చి బెంచీ మీద పడుకోబెట్టారు. అంతలో చీకటి పడేలా ఉంది, గదిని ఇలా వదిలేస్తే బాగుండదని సమ్మయ్యే చొరవ తీసుకున్నాడు. ఊరివాళ్ళ పంపు తెచ్చి ఒక్కసారిగా గదిలోకి నీళ్ళు కొట్టించాడు. బురదంతా గుమ్మం దాటింది, మెట్లు దిగింది, వాలుకు పరుగెత్తింది. వాలు బావి వైపు ఉంది. బావి గట్టు ఆ వైపే కూలి ఉంది.

"ఆపండి! ఆపండి!" అని పుష్పరాణి టీచరు అరవడం విని నేను అనువదించేలోపు అంతా అయిపోయింది.

ఆమె బావి దగ్గరికి వెళ్ళి లోపలికి తొంగిచూసింది. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు. ఒక ముసలాయన మాత్రం బావిలోకి చేద వదిలి, పైకి లాగి, అందులో ఉన్నది నేలమీద ఒలకబోసి, చేదను బోర్లించి వెళ్ళిపోయాడు. ఆమె అలాగే నిలబడింది. నాకు అనువదించడానికి ఏమీ లేకపోయింది. ఫ్లెక్సీ మడతపెట్టే పని ఒకటి కల్పించుకుని లోపలికి వెళ్ళాను.

చీకటిపడ్డాక పక్క ఊరి నుంచి మెడ దాకా మట్టితో వచ్చిన అమృతమ్మ ముందు బావిని చూసింది. తర్వాత నరహరిగారిని చూసింది.

"కొడుకా, నువ్వొచ్చింది కడుగనీకా, కలుపనీకా?"

"చాలెంజెస్ లేకుంటే మిషన్ ఎట్లయితదమ్మా?" అన్నారు నరహరిగారు మూలుగుతూ.

మర్నాటి నుంచి సహాయ శిబిరం మళ్ళీ మొదలైంది. ఈసారి మా కోసం. నరహరిగారికి కాలు, కార్యకర్తలకు నడుములు, సమ్మయ్యకు కడుపు. రెండు తరగతి గదుల్లో మేమే పడుకున్నాం కాబట్టి సోమవారం బడి తెరవలేదు. పిల్లలు గేటు దాకా వచ్చి మమ్మల్ని చూసి వెనక్కి వెళ్ళారు. ఊరివాళ్ళు సైకిళ్ళ మీద ఎక్కడి నుంచో బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి, మాకు గంజి కాచి పోశారు. పుష్పరాణి టీచరు తన చేత్తో నరహరిగారికి వడ్డించింది. నరేందర్ ఆ దృశ్యాన్ని తీసి, గరిటె ఎవరి చేతిలో ఉందో కనబడకుండా కత్తిరించి, కింద 'వరద బాధితులకు అన్నం పెడుతున్న నరహరన్న' అని రాశాడు. దానికి వచ్చినన్ని లైకులు ఆ వారం మా యూనివర్సిటీలో దేనికీ రాలేదు.

ఆ మర్నాడే హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఎయిర్‌పోర్టులో స్వాగతానికి అంతా సిద్ధం, వెంటనే రమ్మని. బస్సు మాట్లాడారు. అందరూ ఎక్కారు. అమృతమ్మ ఎక్కలేదు.

"బాయిల బురద ఉన్నది. తీసినంక వస్త" అంది.

"టికెట్ పోతదమ్మా!" అన్నారు నరహరిగారు.

"పోతే పోనియ్యి." తర్వాత నావైపు తిరిగింది. "సారూ, నువ్వు గూడ ఉండరాదు? తాడు గుంజనీకె ఇంకో మనిషి కావాలె."

నేను నరహరిగారి వైపు చూశాను.

"వీరస్వామీ, ఎయిర్‌పోర్ట్‌ల ప్రెస్సోళ్ళు ఉంటరు. అనుభవాలు చెప్పాలె" అన్నారాయన. వాచిన కాలు సర్దుకుంటూ, "నీ రెన్యువల్ ఫైల్ గూడ నా దగ్గరికే వచ్చిందట" అన్నారు.

నేను బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే అమృతమ్మ బావి గట్టు మీద వంగి ఉంది. పుష్పరాణి టీచరు తాడు అందిస్తోంది. చేద బోర్లించిపోయిన ముసలాయన కూడా వచ్చాడు. నరేందర్ ఆ ఫొటో తీయలేదు. అందులో నరహరిగారు లేరు కదా.

పూర్వం మన వైపు నుంచి లంకకు వెళ్ళినాయన నిప్పు పెట్టి వచ్చారు. నరహరిగారు బురదతో సరిపెట్టారు. ఆ సంయమనాన్ని ఎవరూ గుర్తించలేదు గానీ, చక్రాల కుర్చీని అందరూ గుర్తించారు. ఎయిర్‌పోర్టు నుంచి తార్నాక దాకా పూలు చల్లారు. 'వరదతో పోరాడి గాయపడ్డ వీరుడు' అని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. నేను విలేకరులకు అనుభవాలు చెప్పాను. అమృతమ్మ ఎప్పుడు తిరిగి వచ్చిందో మాకు తెలియదు. ఆమె కోసం ఎవరూ ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేదు.

బృందానికి ఘన సన్మానం చేయాలని యూనివర్సిటీ నిర్ణయించింది. మంత్రిగారి డేటు దొరికేసరికి వానాకాలం వచ్చింది. సన్మానానికి రెండు రోజుల ముందు నగరంలో కుంభవృష్టి. వారాసిగూడలో నాలా పొంగి ఇళ్ళలోకి వచ్చింది. అదృష్టవశాత్తు మా ఆడిటోరియం ఎత్తు మీద ఉంది.

వేదిక మీద మంత్రిగారు, వైస్ చాన్సలర్‌గారు, నరహరిగారు. కాలు ఎప్పుడో నయమైంది గానీ, కర్ర మాత్రం ఇంకా పట్టుకునే ఉన్నారు. అమృతమ్మకూ శాలువా కొన్నారట. ఆమె రాలేదు. కార్యక్రమంలో ముఖ్య ఆకర్షణ నావల్‌తోట్టంతో లైవ్ వీడియో కాల్. పెద్ద తెర మీద పుష్పరాణి టీచరు కనిపించింది, వెనక యూనిఫారాల్లో పిల్లలు. మైకు నాకిచ్చారు.

"అయ్యగారి కాలు ఎలా ఉంది?" అని ఆమె అడిగింది.

"నరహరిగారి అడుగుజాడలు మా నేల మీద ఇంకా చెరిగిపోలేదంటున్నారు" అన్నాను. చప్పట్లు.

"బావి నీళ్ళు ఇప్పుడు బాగున్నాయి. అమృతమ్మక్క అక్కడుందా? ఆమెను చూపించండి, పిల్లలు అడుగుతున్నారు."

"మేం తాగే ప్రతి చుక్కలో మీ సేవను తలచుకుంటున్నామంటున్నారు." ఇంకా గట్టిగా చప్పట్లు. మంత్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

పుష్పరాణి టీచరు పిల్లలను కాస్త వెనక్కి జరిపింది. చప్పట్లు ఎందుకో ఆమెకు అర్థమైనట్టు లేదు.

"నిన్న అక్క ఫోన్ చేసింది. మీ ఊళ్ళో వారాసిగూడ అనే చోట ఇళ్ళలోకి బురద వచ్చిందట కదా. మేం ఊరంతా మాట్లాడుకున్నాం. పదిమందిమి వస్తాం. మాకు అన్నం కూడా వండక్కర్లేదు, మేమే వండుకుంటాం. ఎప్పుడు రమ్మంటారు?"

నేను మైకు దించాను.

"ఏమంటుందయ్యా?" అని మంత్రిగారు అడిగారు.

ఇలాంటి మాట వస్తుందని నేను అనుకోలేదు. దీనికి తగిన అనువాదం నా దగ్గర సిద్ధంగా లేదు. కాబట్టి ఆమె అన్నది అన్నట్టే చెప్పేశాను. ఈసారి చప్పట్లు లేవు. వైస్ చాన్సలర్‌గారు చెప్పులు సర్దుకున్నారు. మొదటి వరుసలో ఎవరో దగ్గారు. నా రెన్యువల్ కళ్ళముందే కొట్టుకుపోతున్నట్టనిపించింది.

అప్పుడు నరహరిగారు లేచారు. కర్ర వదిలేసి మరీ లేచారు.

"చూసిన్రా! ఇంటర్నేషనల్ రెస్పాన్స్! మనం పోయినం గాబట్టే గద వాళ్ళు వస్తున్నరు!"

హాలు దద్దరిల్లింది. అక్కడికక్కడే 'మిషన్ కరుణ - ఫేజ్ టూ' ప్రకటించారు. విదేశీ అతిథులకు స్వాగత సంఘం. మంత్రిగారు గౌరవాధ్యక్షులు, నరహరిగారు చైర్మన్, వసతి ఏర్పాట్లు సమ్మయ్యవి, కన్వీనర్ నేను. నా రెన్యువల్ ఉత్తర్వు ఆ సాయంత్రమే చేతికొచ్చింది.

సభ ముగిశాక నరహరిగారు నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశారు.

"వీరస్వామీ, గాడికి పోతే బురద లేక మనకు ఎంత ఇజ్జత్ పోయింది! గా అవమానం మన ఇంటికొచ్చే చుట్టాలకు జరగొద్దు. వాళ్ళు వచ్చే దాక వారాసిగూడల ఒక్క తట్ట గూడ ఎత్తొద్దు. సమజైందా?"

మర్నాడు పొద్దున్నే నేను టెంట్‌హౌస్ నుంచి తాడు, ఇద్దరు సెక్యూరిటీవాళ్ళతో వారాసిగూడ చేరాను. సందు మొదట్లో తాడు కట్టించి, 'అంతర్జాతీయ అతిథుల కొరకు' అని బోర్డు తగిలించాను. శుభ్రం చేయడానికి వచ్చిన మున్సిపాలిటీవాళ్ళను వెనక్కి పంపాను. వాళ్ళు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

సందులోపల అమృతమ్మ ఉంది. చర్చి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ముందు రోజు నుంచీ ఇళ్ళు కడుగుతోందట.

"మంచిగ వచ్చినవ్ సారూ. గా తట్ట పట్టు" అంది.

"అమ్మా, ఈ బురద ముట్టొద్దమ్మా. లంక నుంచి పుష్పరాణి టీచరోళ్ళు వస్తున్నరు. వాళ్ళ కోసం ఉంచినం."

అమృతమ్మ పార కిందికి దించింది.

"వాళ్ళకు వీసా ఎప్పుడొస్తది?"

"ఫైల్ కదులుతున్నదమ్మా."

అమృతమ్మ పార భుజాన వేసుకుని, ఆడవాళ్ళను తీసుకుని పక్క సందులోకి వెళ్ళిపోయింది. మా తాడు అక్కడి దాకా చాలలేదు.

తాడు లోపల మిగిలిన ఇళ్ళలో మొదటిది పోచమ్మది. నాలుగిళ్ళలో వంటపని చేసుకుని బతికే మనిషి. గడపలో చెప్పులు లేకుండా నిలబడి, లోపలికి చూపించింది. మంచం కోళ్ళు మునిగి ఉన్నాయి. మూలన గ్యాస్ పొయ్యి సగం బురదలో కూరుకుపోయి ఉంది.

"సారూ, మీ చుట్టాలు ఎన్నడన్న రానియ్యిండ్రి. నా పొయ్యి ఒక్కటి తీసుకుంట. మూడు దినాల సంది పోరగాండ్లు బిస్కెట్ల మీద ఉన్నరు."

నిర్ణయం తీసుకునే అధికారం కన్వీనర్‌కు లేదు. నరహరిగారికి ఫోన్ చేశాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పొయ్యి ఏ మూలన ఉంది, గుమ్మంలోంచి కనిపిస్తుందా అని అడిగారు. కనిపిస్తుందని చెప్పాను.

"అయితే తియ్యకుండ్రి. దాని మీద ఒక గిన్నె పెట్టమను. విజువల్ బాగుంటది."

పోచమ్మ గిన్నెలన్నీ నాలాలో కొట్టుకుపోయాయి. సమ్మయ్య టెంట్‌హౌస్ నుంచి ఒకటి పంపించాడు.